ఫోన్‌కున్న అడ్రసు ఇంటి వైఫైకి ఏది?

జియో సిమ్ ఉన్న ఫోన్‌లో వైఫై ఆపేసి, సెట్టింగ్స్‌లో ఐపీ అడ్రస్ చూడండి. 2409తో మొదలై, మధ్యమధ్య కోలన్లతో పొడుగ్గా ఒకటి కనిపిస్తుంది. అదే ఐపీవీ6. దేవరకొండ పొలం గట్టు మీదైనా, నారాయణపేట బస్టాండ్‌లోనైనా అంతే. 2016లో జియో వచ్చినప్పటి నుంచి తెలియకుండానే వాడేస్తున్నాం. అదే ఫోన్‌ను ఇంటి వైఫైకి కలిపి మళ్లీ చూడండి. చాలా ఇళ్లలో ఆ పొడుగు అడ్రసు మాయం.

పాత ఐపీవీ4లో మొత్తం అడ్రసులే దాదాపు 430 కోట్లు. ప్రపంచ స్థాయి నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. అందుకే ఆపరేటర్లు ఒకే అడ్రసును చాలా ఇళ్లకు పంచుతున్నారు. హాస్టల్‌లాగే అనుకోండి. మీరు రాసిన ఉత్తరానికి జవాబొస్తే వార్డెన్ గుర్తుపట్టి మీకిస్తాడు. మిమ్మల్ని వెతుక్కుంటూ ఎవరైనా కొత్తగా వస్తే మాత్రం గేటు దాటలేరు.

యూట్యూబ్ చూసేవాళ్లకు దీంతో ఏ ఇబ్బందీ లేదు. పాత ల్యాప్‌టాప్‌ను సర్వర్‌గా మార్చి, తన ప్రాజెక్టును ఇంటి నుంచే నడపాలనుకునే బీటెక్ అమ్మాయికి ఉంది. రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు. ఇక క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుని నెలనెలా కట్టాలి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాళ్లకు అది టీ ఖర్చు. మిర్యాలగూడలో చదువుకునే పిల్ల ఆ డబ్బు ఇంట్లో అడగాలి.

ఐపీవీ6లో ఇంట్లోని ప్రతి పరికరానికీ సొంత అడ్రసు ఇవ్వొచ్చు. మరి హ్యాకర్లు రారా అంటారా? రూటర్ ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంచి, అవసరమైన పోర్టు ఒక్కటే తెరవాలి. అడ్రసు దాచిపెట్టడమే భద్రత అనుకోవడం పొరపాటు.

2022 డిసెంబర్ 31 తర్వాత ఇచ్చే కొత్త వైర్డ్ కనెక్షన్లన్నీ ఐపీవీ6ను మోయగలగాలని టెలికాం శాఖ ఎప్పుడో చెప్పింది. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ముందు మీ రూటర్ పేజీలో ‘వ్యాన్ ఐపీ’ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీది పంచుకున్న అడ్రసే. ఆపరేటర్ “నెట్ వస్తున్నది కదా తమ్మీ, ఇంకేం గావాలె” అంటాడు. ఆయన తప్పేం లేదు, ఇంతవరకు ఎవరూ అడగలేదు. పాత రూటర్లు మార్చాలంటే ఆయనకు ఖర్చే. కానీ కొన్నిచోట్ల ఒక్క సెట్టింగ్ మారిస్తే చాలు.

2024 డిసెంబర్‌లో టీ-ఫైబర్ పైలట్ మొదలైన ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. కొత్త తీగ గుంజుతూ, దాని మీద పాత కొరతను మళ్లీ పంచడం ఎందుకు?

కాలేజీల సంగతి ఇంకా వెనకే. ల్యాబంతా 192.168 మీదే నడుస్తుంది. ఐపీవీ6 అంటే పరీక్షకు బట్టీ పట్టే హెడర్ బొమ్మ. మహబూబ్‌నగర్, నల్లగొండల్లో 2023లోనే ఐటీ టవర్లు తెరిచారు. అక్కడ నెట్‌వర్క్ ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు ఆ బొమ్మ పనికిరాదు. రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక కేబుల్ ఉంటే చాలు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. లేదంటే ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగానే దొరుకుతుంది. ఈ సెమిస్టర్ ల్యాబ్‌లో ఒక్క ప్రయోగమైనా ఐపీవీ6 మీద పెట్టమని మీ సార్‌ను అడగండి.