ఢిల్లీలో రైలు దిగితే రంగస్థలం.. మనకు చివరి బస్సే దిక్కు

కూచిపూడి: మంగళం పాడకముందే వెనుక వరుసలు ఖాళీ కావడం మన జిల్లా రంగస్థలాలకు కొత్త కాదు. నర్తకి అడుగు తడబడీ కాదు, మృదంగం తాళం తప్పీ కాదు. చివరి బస్సు వెళ్లిపోతుందన్న బెంగే ప్రేక్షకుణ్ణి లేపుతోంది. కళలకు ఆదరణ తగ్గిందని వేదికలపై వాపోయేవారు, చూడవచ్చినవాడు తిరిగి ఇల్లెలా చేరతాడన్నది కూడా ఆలోచించాలి. దేశ రాజధానిలోని మండీ హౌస్ భూగర్భ మెట్రో స్టేషన్ ఈ విషయంలో గమనించదగినది.

నేల కింద రైలు.. నేలపై అకాడమీలు

ఒకప్పటి మండీ సంస్థానాధీశుల భవనం పేరే ఈ ప్రాంతానికి స్థిరపడింది. 1961లో రవీంద్రుని శతజయంతి వేళ రూపుదిద్దుకున్న రవీంద్ర భవన్‌లో సాహిత్య, సంగీత నాటక, లలిత కళా అకాడమీలు కొలువుదీరాయి. కమానీ ఆడిటోరియం, త్రివేణి కళా సంగమం, శ్రీరామ్ సెంటర్, జాతీయ నాటక పాఠశాల, దూరదర్శన్ కేంద్ర కార్యాలయం సమీపంలోనే ఉన్నాయి. ఇక్కడి రోడ్లలో ఒకదానికి తాన్‌సేన్ పేరు, మరొకదానికి వీధి నాటకాల కళాకారుడు సఫ్దర్ హష్మీ పేరు పెట్టారు.

ఇంతటి కళాక్షేత్రానికి 2006 నవంబరు 11న బ్లూ లైన్ రైలు వచ్చింది. 2014 జూన్ 26న వయొలెట్ లైన్ కూడా చేరడంతో ఇది కూడలి స్టేషన్‌గా మారింది. 2015లో వయొలెట్ లైన్ ఫరీదాబాద్‌ను తాకింది. 2017లో ఎర్రకోట, జామా మసీదుల మీదుగా కశ్మీరీ గేట్‌కు చేరింది. ఫలితంగా ఉత్తరప్రదేశ్‌లోని నోయిడా వాసి, హరియాణాలోని ఫరీదాబాద్ వాసి, పాతఢిల్లీ గల్లీలోని విద్యార్థి రైలు మారనక్కర లేకుండానే ఇక్కడ దిగగలుగుతున్నారు. మెట్లెక్కి పైకొస్తే రంగస్థలాలు నడక దూరంలోనే. రాత్రి పదకొండు గంటల ప్రాంతం వరకు రైళ్లుండటంతో నాటకాన్ని చివరిదాకా చూసే వీలుంది.

సొరంగమే మార్గమా?

మండీ హౌస్‌తో మన ప్రాంతానికీ బంధముంది. సత్యభామగా తెలుగువారిని మురిపించిన కూచిపూడి బిడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మకు 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం దక్కింది. అలాగని అక్కడున్నదంతా మనకూ కావాలనడం వివేకం కాదు. భూగర్భ మార్గానికి స్తంభాలపై నిర్మించే మార్గంతో పోలిస్తే రెండు మూడింతల ఖర్చవుతుంది. చెట్లు, చారిత్రక భవనాలు నిండిన మధ్య ఢిల్లీలో ఆ వ్యయానికి అర్థముంది. ప్రతి ఊరికీ అది పొసగదు.

హైదరాబాద్ ఉదాహరణే చూద్దాం. అక్కడి తొలి దశ మెట్రో మొత్తం స్తంభాలపైనే సాగింది. అయినా 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్-అమీర్‌పేట మార్గం మొదలయ్యాక, అసెంబ్లీ, లక్డీకాపూల్ స్టేషన్ల నుంచి రవీంద్రభారతికి నడిచి వెళ్లే వీలు కలిగింది. అంటే రైలు భూమి కింద నడుస్తుందా, పైన నడుస్తుందా అన్నది రెండో మాట. కళాభవనం గుమ్మానికి ఎంత దగ్గరగా ఆగుతుంది, రాత్రి ఎంతవరకు నడుస్తుంది, ఛార్జీ ఎంత అన్నవే అసలు ప్రశ్నలు.

ఛార్జీ సంగతిలో ఢిల్లీకీ చిక్కులు తప్పలేదు. 2025 ఆగస్టు 25 నుంచి అక్కడి సాధారణ మార్గాల్లో గరిష్ఠ ఛార్జీ రూ.64కు చేరింది. నలుగురున్న కుటుంబం దూరం నుంచి వచ్చి వెళ్లాలంటే రూ.500 దాటిపోతుంది. చేరువలో స్టేషన్ ఉన్నా, పేదవాడికి నాటకం దూరమయ్యే ప్రమాదం ఇక్కడే ఉంది.

కాగితాల దశలోనే ఆలోచించాలి

విజయవాడలో 38.4 కిలోమీటర్లు, విశాఖలో 46.23 కిలోమీటర్ల తొలి దశ మెట్రోకు రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ఆమోదం తెలిపింది. ఇలాంటి ప్రణాళికల్లో బస్టాండు, రైల్వేస్టేషన్, ఆస్పత్రి, కళాశాలలకు దక్కే ప్రాధాన్యం కళాక్షేత్రాలకూ దక్కాలి. స్తంభాలు లేచిన తర్వాత స్టేషన్‌ను జరపడం ఎవరి తరమూ కాదు.

అయితే పామర్రు దాటి పల్లెకు పోవాల్సిన ప్రేక్షకుణ్ణి మెట్రో ఇంటికి చేర్చదు. అతనికి కావాల్సింది ఒక బస్సు. ఉత్సవాల రోజుల్లో చివరి సర్వీసును ప్రదర్శన ముగిసేదాకా ఆపడానికి సొరంగాలు తవ్వనక్కర లేదు, కోట్లు కుమ్మరించనక్కర లేదు. ఉత్సవ నిర్వాహకులు తేదీలు ముందుగా తెలిపితే, డిపో అధికారులు వేళలు సర్దితే చాలు. ఈ చిన్నపాటి సమన్వయం కుదిరిన రోజున వెనుక వరుసలో కూర్చున్న పెద్దాయన కూడా మంగళహారతి అందుకునే ఇంటికి వెళతాడు.