ఓటు ఈసాన్‌ది.. బేరం సెల్‌ఫోన్ దొరది!

కోట్లు ఉన్నోడు రాజకీయాల్లోకి వస్తే అవినీతి చెయ్యడట! ఇంట్లోనే అంత ఉన్నప్పుడు ప్రజల సొమ్ము ఎందుకు తింటాడని అడిగేవాళ్లు మన ఆఫీసు క్యాంటీన్లలో, యూనివర్సిటీ హాస్టళ్లలో కూడా ఉన్నారు. ఉద్యమంలో జెండా మోసినవాళ్లే ఈ మాట అంటుంటే మాకు బాధగా ఉంది. వాళ్లందరికీ థాయ్‌లాండ్ సెల్‌ఫోన్ దొర ముచ్చట చెప్పదలచుకున్నాం. ఆయన పేరు తక్సిన్ షినవత్ర.

అసలు ఆయన కోట్లు ఎక్కడివి? పుట్టింది 1949లో, చియాంగ్ మై దగ్గర పట్టు వ్యాపారం చేసే కుటుంబంలో. చేరింది పోలీసు ఉద్యోగంలో. బట్టల కొట్టు, సినిమా వ్యాపారం దెబ్బతిన్నాయి. కలిసొచ్చింది సర్కారుతో చేసిన వ్యాపారమే. తాను పనిచేసిన పోలీసు శాఖకే కంప్యూటర్లు అద్దెకిచ్చాడు. 1990లో ప్రభుత్వ టెలిఫోన్ సంస్థ నుంచి 20 ఏళ్ల సెల్‌ఫోన్ హక్కు సంపాదించాడు. 1991లో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. అదే ఏడాది ఆయన చేతికి ఉపగ్రహ హక్కు కూడా వచ్చింది, అదీ 30 ఏళ్లకు. గాలిలో తరంగాలు ఎవరి సొత్తు? ప్రజల సొత్తు. వాటిని గంపగుత్తగా పట్టి, నిమిషానికింత అని అదే ప్రజలకు అమ్మితే వచ్చిన సొమ్ము అది. దీన్ని స్వయంకృషి అందామా, సర్కారీ కాగితం మహిమ అందామా?

సర్కారు కాగితంతో పెరిగిన సొమ్ముకు సర్కారు కాపలా కావాలి. 1994లో విదేశాంగ మంత్రి అయ్యాడు, తర్వాత ఉప ప్రధాని. 1997లో బాత్ కుప్పకూలి రైతు, కూలీ, చిన్న వ్యాపారి అప్పుల్లో మునిగినప్పుడు, 1998లో సొంత పార్టీ పెట్టాడు. పేరు 'థాయ్ రక్ థాయ్'. అంటే థాయ్‌లు థాయ్‌లను ప్రేమిస్తారని. 2001 జనవరి ఎన్నికల్లో 500 సీట్లకు 248 గెలిచి ప్రధాని అయ్యాడు.

అప్పటికే ఆయన మీద ఒక కేసుంది. మంత్రిగా ఆస్తుల లెక్క చెప్పినప్పుడు కంపెనీ షేర్లు ఇంట్లో పనిమనిషి, డ్రైవర్ లాంటి వాళ్ల పేర్ల మీద దాచాడని అవినీతి నిరోధక సంఘం తేల్చింది. తెలియక జరిగిన పొరపాటన్నాడు. 2001 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం 8-7 తేడాతో, ఒక్క ఓటుతో వదిలేసింది. పనిమనిషి పేర కోట్ల షేర్లు! మన దగ్గర బినామీ భూముల కథలు విన్నవాళ్లకు ఇది కొత్తగా ఉండదు.

ఆ తర్వాత ఐదేళ్లు కంపెనీ ఏది, సర్కారు ఏది అన్నది తెలియకుండా పోయింది. 2004లో థాయ్ ప్రభుత్వ బ్యాంకు మయన్మార్ సైనిక పాలకులకు 400 కోట్ల బాత్‌ల అప్పిచ్చింది. ఆ సొమ్ములో కొంత ఉపగ్రహ పరికరాల కొనుగోలు పేరుతో ఆయన కుటుంబ కంపెనీకే చేరింది. ఇక 2006 జనవరి చూడండి. టెలికాంలో విదేశీ వాటా పరిమితిని 25 నుంచి 49 శాతానికి పెంచే చట్టం అమల్లోకి వచ్చి రెండు మూడు రోజులే అయింది. ప్రధాని కుటుంబం షిన్ కార్పొరేషన్‌లో 49.6 శాతం వాటాను సింగపూర్ ప్రభుత్వ సంస్థ టెమాసెక్‌కు అమ్మేసింది. ధర 7,330 కోట్ల బాత్‌లు. కట్టిన పన్ను సున్నా. థాయ్‌లను ప్రేమించే పార్టీ నాయకుడి కుటుంబం థాయ్ ఉపగ్రహాన్ని పరాయి దేశానికి అమ్ముకుంది. నెల జీతం మీద పైసాతో సహా పన్ను కట్టే ఉద్యోగులకు ఈ లెక్క ఎట్లా కనిపిస్తుందో వేరే చెప్పాలా?

మరి జనం ఎందుకు ఓటేశారు? ఇక్కడే మనం జాగ్రత్తగా ఆలోచించాలి. థాయ్‌లాండ్ ఈశాన్యాన ఈసాన్ అనే ప్రాంతం ఉంది. దేశ జనాభాలో దాదాపు మూడో వంతు అక్కడే. వాన మీద ఆధారపడిన సేద్యం. మాట్లాడేది లావోకు దగ్గరి భాష. బ్యాంకాక్‌లో టాక్సీ నడిపేది, భవనాలు కట్టేది, ఇళ్లల్లో పనిచేసేది వాళ్లే. వాళ్ల మాటను సినిమాల్లో, టీవీల్లో ఎక్కిరించేది బ్యాంకాక్ దొరలు. మన యాసను విలన్‌కు, జోకర్‌కు అంటగట్టిన సినిమాలు చూసి పెరిగిన మనకు ఆ అవమానం ఎట్లుంటుందో తెలుసు.

అలాంటి జనానికి తక్సిన్ 30 బాత్‌లకే వైద్యం ఇచ్చాడు. ఊరికి 10 లక్షల బాత్‌ల నిధి ఇచ్చాడు. రైతుల అప్పుల వసూలు మూడేళ్లు ఆపాడు. ఇవి ఉత్త మాటలు కావు, నిజంగా అందాయి. అంతకు ముందు ఏ పాలకుడూ వాళ్లను పట్టించుకోలేదు. 'పల్లెటూరోళ్లు ఓటు అమ్ముకున్నారు' అన్న బ్యాంకాక్ పెద్దల మాటను మేం ఒప్పుకోం. కడుపు కాలినోడు వైద్యానికి, అప్పుకు ఓటేస్తే అది అమ్ముకోవడం కాదు, హక్కు అడగడం.

కానీ ఈసాన్‌కు దక్కనిదేమిటి? అధికారం! అక్కడ జిల్లా లాంటి ప్రతి రాష్ట్రానికీ గవర్నర్‌ను బ్యాంకాక్ హోం శాఖే పంపుతుంది. రాజధాని బ్యాంకాక్ వాళ్లు మాత్రం తమ గవర్నర్‌ను తామే ఎన్నుకుంటారు. తక్సిన్ ఆ పద్ధతి మార్చాడా? లేదు. 2003లో అదే గవర్నర్లకు 'సీఈఓ గవర్నర్లు' అని పేరు పెట్టి పగ్గాలు తన చేతికి తీసుకున్నాడు. దేశమంటే కంపెనీయే అని నమ్మినవాడికి జనం వాటాదారులు కారు, ఖాతాదారులే.

కంపెనీలో ఎదురు ప్రశ్న ఉండదు. ఆయన కంపెనీ చేతికి వెళ్లిన ఐటీవీలో జోక్యాన్ని నిలదీసిన 20 మందికి పైగా విలేకరులను 2001లో ఉద్యోగాల నుంచి తీసేశారు. ఆయన గద్దెనెక్కాక షిన్ లాభాలు పెరిగాయన్నందుకు సుపిన్యా క్లాంగ్‌నరాంగ్ అనే మీడియా కార్యకర్త మీద 40 కోట్ల బాత్‌ల దావా వేశారు. 2004 అక్టోబర్ 25న దక్షిణాన తక్ బాయిలో మలయ్ ముస్లింల నిరసనను అణచివేసినప్పుడు 85 మంది చనిపోయారు. అందులో 78 మంది సైనిక లారీల్లో ఒకరి మీద ఒకరిని పేర్చితే ఊపిరాడక చనిపోయినవాళ్లు. 20 ఏళ్ల గడువు దాటిపోయి 2024లో ఆ కేసు మూతపడింది. ఒక్కరికీ శిక్ష పడలేదు.

2006 సెప్టెంబర్ 19న సైన్యం ఆయన్ను దించింది. సైన్యం చేసింది న్యాయమని మేం అనం. తుపాకీతో ఓటును కొట్టినవాడు ఎవడైనా ప్రజల శత్రువే. 2010లో ఎర్రచొక్కాల జనం బ్యాంకాక్ రోడ్ల మీద నిలబడ్డారు. సైనికులతో కలిపి 90 మందికి పైగా ప్రాణాలు పోయాయి. పోయినవాళ్లలో ఎక్కువ మంది మామూలు జనం. ఉదాన్ థానీ, ఉబోన్ రాచథానీ లాంటి ఈసాన్ పట్టణాల వాళ్లు ఏళ్లకేళ్లు జైళ్లలో మగ్గారు. నాయకుడు మాత్రం విదేశంలో భద్రంగా ఉన్నాడు.

మరి ఆ రక్తానికి దొర కట్టిన విలువ ఎంత? 2023లో తేలింది. ఆయన పార్టీ, తనను దించిన సైన్యం మనుషుల పార్టీలతోనే కలిసి సర్కారు కట్టింది. కొత్త ప్రధాని ఎన్నికైన రోజే, ఆగస్టు 22న, ఆయన సొంత విమానంలో దిగాడు. 8 ఏళ్ల శిక్ష రాజు దయతో ఒక్క ఏడాదైంది. జైలుకు వెళ్లిన తొలి రాత్రే పోలీసు ఆసుపత్రికి చేరి, ఆరు నెలలకు పెరోల్ మీద బయటకొచ్చాడు. 2024లో కూతురు ప్రధాని అయింది, 2025 ఆగస్టులో కోర్టు తీర్పుతో దిగిపోయింది. ఆసుపత్రి వాసం శిక్ష కిందికి రాదని 2025 సెప్టెంబర్ 9న సుప్రీంకోర్టు ఆయన్ను మళ్లీ జైలుకు పంపింది.

ఇది పరాయి కథ అనుకోకండి. 1969లో మన పిల్లలు తుపాకులకు ఎదురు నిలిచారు. 1971 ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితికి 14 సీట్లలో 10 ఇచ్చి గెలిపించాం. అదే ఏడాది మర్రి చెన్నారెడ్డి ఆ పార్టీని తీసుకుపోయి కాంగ్రెస్‌లో కలిపేశారు. 1978లో ఆయన ఆంధ్రప్రదేశ్‌కే ముఖ్యమంత్రి అయ్యారు. రాష్ట్రం కోసం మనం 2014 జూన్ 2 దాకా ఆగాల్సి వచ్చింది.

కాబట్టి మిత్రులారా! పైసలున్నోడు ముందుకొచ్చి జెండా అందుకుంటానంటే మూడు ప్రశ్నలు అడగండి. నీ సొమ్ము ఏ సర్కారీ కాగితంతో పుట్టింది? గద్దెనెక్కితే ఆ కంపెనీలను ఏం చేస్తావు? మాకు పథకం ఇస్తావా, అధికారం కూడా ఇస్తావా? జవాబు చెప్పనోడికి మన ఊరి పొలిమేరలోనే దండం పెట్టి పంపుదాం. రాష్ట్రం మనం కొట్లాడి తెచ్చుకున్నది. దాని మీద బేరమాడే హక్కు ఏ దొరకూ లేదు!