చార్టు మీద పట్టని నేతాజీ

ఢిల్లీలో ఇండియా గేటు దగ్గర నిలబెట్టిన 28 అడుగుల నేతాజీ విగ్రహం మన ఖమ్మం రాయి. 280 టన్నుల నల్లరాతి దిమ్మెను 140 చక్రాల లారీ మీద 1,665 కిలోమీటర్లు తీసుకెళ్లి చెక్కించి, 2022 సెప్టెంబరులో ఆవిష్కరించారు. నేను చూసిన నేతాజీ ప్రాజెక్టుల్లో ఒక్కదాంట్లోనూ ఈ మాట లేదు. ఆయన పుట్టినరోజు జనవరి 23 దగ్గర పడుతోందంటే మన బళ్లలో అలాంటి ప్రాజెక్టులు గుట్టలుగా తయారవుతాయి. 2021లో ఆ రోజును పరాక్రమ దివస్‌గా ప్రకటించాక ఇంకా పెరిగాయి.

అవి ఎలా తయారవుతాయో తెలియని ఇల్లు లేదు. స్టేషనరీ షాపులో నాయకుల బొమ్మల షీటు దొరుకుతుంది, ముందు బొమ్మ, వెనక పది వాక్యాల జీవితం. నెట్ సెంటర్లో నాలుగు ప్రింటవుట్లు. అన్నీ థర్మాకోల్ షీటు మీద అంటించి, చుట్టూ మెరుపుల బార్డరు వేసి, పైన స్కెచ్ పెన్నుతో ‘జై హింద్’ అని రాస్తే పనైపోయింది. చాలా ఇళ్లలో ఆ రాత్రి మేలుకునేది తల్లి. మార్కుల రిజిస్టర్లో అంకె పడగానే ప్రాజెక్టు స్టాఫ్ రూమ్ బీరువా మీదికి ఎక్కుతుంది. ఇందులో పిల్లల తప్పు ఏమీ లేదు. ‘నేతాజీ మీద ప్రాజెక్టు చేసుకురండి’ అని ఒక్క మాట చెప్పి వదిలేస్తే మనమైనా అంతే చేస్తాం. రెండో ప్రపంచ యుద్ధం నడుమ పరాయి గడ్డ మీద సైన్యాన్ని కూడగట్టిన మనిషి గురించి తీరిగ్గా ఆలోచించే అవకాశం చాలామంది పిల్లలకు బడిలోనే, అదీ ఒక్కసారే వస్తుంది. ఆ ఒక్కసారినీ జిగురుకీ కత్తెరకీ అప్పజెప్పేస్తున్నామన్నదే నా బాధ.

ప్రాజెక్టు అనేది ప్రశ్నతో మొదలవ్వాలి. ఆ ప్రశ్న మాస్టారిది కాకుండా పిల్లలదైతే సగం పని అయినట్టే. ఓ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి అమ్మాయిలు కొందరు అలా చేశారు. వాళ్లు పట్టుకున్న మొదటి ప్రశ్న, ‘జై హింద్’ అని ముందు అన్నదెవరు? రెండు జవాబులు దొరికాయి. హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్ అని ఎక్కువమంది రాశారు. తిరువనంతపురంలో పుట్టి జర్మనీలో స్థిరపడిన చెంపకరామన్ పిళ్లై అని ఇంకొందరు రాశారు. ఆ పిల్లల నోటు పుస్తకం నేను చూశాను. ప్రతి పేజీ మధ్యలో నిలువుగా స్కేలు పెట్టి గీత కొట్టారు. ఎడమవైపు ‘ఎక్కడ చదివాం’, కుడివైపు ‘ఎందుకు నమ్మాలి’. హసన్ పేరుకు ఎదురుగా ‘నేతాజీతో పాటు ఉన్నాడు కాబట్టి’ అని ఉంది. దాని పక్కన టీచరు ఎర్ర పెన్నుతో ‘పక్కనే ఉంటే చాలా?’ అని రాశారు. ఆ కింద పిల్లలు నాలుగు పంక్తులు రాసి, కొట్టేసి, మళ్లీ రాసుకున్నారు. కొట్టివేతలున్న ఆ పేజీ నాకు ఎన్నో థర్మాకోల్ చార్టుల కన్నా విలువైనదిగా కనిపించింది.

ఆబిద్ హసన్ గురించి మన పిల్లలకు ఎందుకు చెప్పమో నాకు ఎప్పటికీ అర్థం కాదు. 1911లో హైదరాబాదులో పుట్టి, ఇంజినీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో బోసును కలిసి ఆయన వెంట నడిచాడు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి యు-180 అనే జర్మన్ జలాంతర్గామి బయల్దేరినప్పుడు బోసుతో ఎక్కిన ఒకే ఒక్క భారతీయుడు ఇతడు. అట్లాంటిక్ దిగి, ఆఫ్రికా చుట్టి, మడగాస్కర్ దగ్గరికి వచ్చేసరికి ఏప్రిల్ నెలాఖరు. అక్కడ జపాన్ వారి ఐ-29 కాచుకుని ఉంది. సముద్రం అల్లకల్లోలంగా ఉంది. ఆ అలల్లో ఇద్దరూ రబ్బరు తెప్ప మీద ఒక జలాంతర్గామి నుంచి రెండో దానికి మారారు. మేలో సుమత్రా దగ్గర సబాంగ్‌లో దిగారు. స్వాతంత్ర్యం వచ్చాక హసన్ భారత విదేశాంగ శాఖలో పనిచేసి, 1984లో కన్నుమూశాడు. నేతాజీని హైదరాబాద్ పిల్లలకు పరిచయం చేయడానికి ఇంతకన్నా దగ్గరి దారి ఏముంటుంది?

ఆ అమ్మాయిలు గోడకు ప్రపంచ పటం తగిలించి, గుండుసూదులు గుచ్చి, ఎర్ర దారంతో బోసు ప్రయాణం చూపించారు. 1941 జనవరిలో కలకత్తా ఎల్గిన్ రోడ్డు ఇంట్లోంచి అర్ధరాత్రి తప్పించుకోవడం, అన్న కొడుకు శిశిర్ కారు నడుపుతుంటే గోమో స్టేషను దాకా వెళ్లడం, మహమ్మద్ జియావుద్దీన్ వేషంలో పెషావర్, కాబూల్, ఒర్లాండో మజొట్టా అనే ఇటాలియన్ పేరున్న పాస్‌పోర్టుతో మాస్కో మీదుగా బెర్లిన్. దారం సగం ప్రపంచం చుట్టి సింగపూర్ చేరింది. దాన్ని చూసి ఓ ఆరో తరగతి పిల్లాడు అడిగాడట: ‘కలకత్తా నుంచి సింగపూర్ దగ్గరే కదా, తిన్నగా పోవచ్చు కదా?’

ఇంతకు మించిన ప్రశ్న నాకు తట్టదు. దీనికి జవాబు చెప్పాలంటే యుద్ధం మొత్తం తెలియాలి. 1941 జనవరిలో సింగపూర్ బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉంది. అక్కడికి పోవడమంటే మళ్లీ జైలుకు పోవడమే. జపాన్ యుద్ధంలోకి దిగింది ఆ ఏడాది డిసెంబరులో. సింగపూర్ పడిపోయింది 1942 ఫిబ్రవరిలో. అక్కడ పట్టుబడిన భారతీయ సైనికుల్లోంచే మొదటి ఆజాద్ హింద్ ఫౌజ్ పుట్టింది. కలకత్తాలో ఇల్లు దాటిన రాత్రి బోసుకు ఇవేవీ తెలియవు, ఆయన మనసులో సోవియట్ సాయం ఉంది, కాబూల్‌లో అది దొరకలేదు. నాయకుడు తెలియని దాని మధ్య నిర్ణయాలు తీసుకుంటాడు, మనం అన్నీ జరిగిపోయాక చదువుతాం. తేదీలు బట్టీ పట్టిన పిల్లలకు ఈ తేడా తెలియదు. దారం గుచ్చిన పిల్లలకు తెలిసింది.

మన ఊళ్ల నుంచి ఇంకా దారులున్నాయి. 1939 జనవరిలో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో బోసు 1,580 ఓట్లతో గెలిస్తే, 1,377 ఓట్లతో ఓడిన అభ్యర్థి మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టిన మన భోగరాజు పట్టాభి సీతారామయ్యే. ఆ ఓటమి తనదని గాంధీజీ అన్నారు. మచిలీపట్నం పిల్లలు అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. కాకినాడ, విశాఖ పిల్లలైతే తమ రేవుల మీద 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసిన రోజు నుంచి మొదలుపెట్టొచ్చు. బోసు చేతులు కలిపిన జపానే ఇది అని తెలిసినప్పుడు ఆ పిల్లలు ఒక్క క్షణం ఆగుతారు. ఆగాలి. ఇక ఉత్తరాంధ్రలో రంగూన్ పోయొచ్చిన కుటుంబాలు ఎన్నో. 1942లో బర్మా నుంచి అడవుల వెంట నడిచొచ్చిన వాళ్ల మనవలు, మునిమనవలు ఈ బళ్లలోనే చదువుతున్నారు. ఇంట్లో ముసలమ్మను కూర్చోబెట్టి, ‘మీ నాన్న ఏం చెప్పేవాడు?’ అని అడిగి ఫోనులో రికార్డు చేస్తే అది కూడా పరిశోధనే. ఆలస్యమైతే చెప్పేవాళ్లు మిగలరు.

ఇప్పుడు కష్టమైన సంగతి. 1942 మేలో బోసు హిట్లర్‌ను కలిశారు. భారత స్వాతంత్ర్యాన్ని సమర్థిస్తూ ప్రకటన చేయమని అడిగితే హిట్లర్ చేయలేదు. 1943 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో బోసు జెండా ఎగరేశారు. అండమాన్లకు షహీద్ అని, నికోబార్లకు స్వరాజ్ అని పేర్లు పెట్టారు. ఈ సంగతి అన్ని చార్టుల్లోనూ ఉంటుంది. అదే రోజుల్లో, అదే ఊళ్లో, బోసు నాయకత్వంలోని ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక నాయకుడు డాక్టర్ దివాన్ సింగ్‌ను జపాన్ వాళ్లు గూఢచారి అని సెల్యులార్ జైల్లో పెట్టి హింసించారు. 1944 జనవరి 14న ఆయన చనిపోయారు. ఆ నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చేశారు. బోసుకు ఎంత తెలుసు, తెలిసినా ఏం చేయగలిగేవారు అన్నదాని మీద చరిత్రకారుల వాదన తెగలేదు. ఈ సంగతి ఏ చార్టులోనూ కనబడదు.

దీన్ని పిల్లలకు చెబితే నేతాజీ మీద గౌరవం పోతుందని కొందరు టీచర్లు భయపడతారు. నేను వాళ్లతో ఏకీభవించను. ఐసీఎస్ ఉద్యోగం వదులుకుని, ఇల్లు వదులుకుని, ఒక సామ్రాజ్యాన్ని ఓడించడానికి దాని శత్రువుల గుమ్మాలు ఎక్కాల్సి వచ్చిన మనిషి ఎంత ఇరుకులో పడ్డాడో తెలిస్తే గౌరవం లోతవుతుంది. హిట్లర్ ఎవరో పాఠంలో చెప్పి, బోసు ఆయన్ని కలిసిన సంగతి దాచిపెడితే, పిల్లలు ఆ సంగతిని ఫోనులో, ఎవరో కోపంతో చేసిన వీడియోలో తెలుసుకుంటారు. తరగతి గదిలో, తమను ప్రేమించే టీచరు ఎదుట తెలుసుకోవడమే వాళ్లకు మేలు.

మార్కులు వేసే పద్ధతి మారితే చాలావరకు దారిలో పడుతుంది. బొమ్మకూ అలంకారానికీ వేసే మార్కులు నోటు పుస్తకానికి వేయండి. ప్రశ్న ఏమిటి, ఎక్కడెక్కడ వెతికారు, దేన్ని ఎందుకు నమ్మలేదు, ఇవి చూడండి. కేంద్రం 2016లో నేతాజీకి సంబంధించిన వంద రహస్య ఫైళ్లు బయటపెట్టింది. బడి కంప్యూటర్లో ఒక్క కాగితం తెరిచి, పైనున్న ముద్రలు, తేదీలు, సంతకాలు పిల్లలకు చూపించినా అదొక పాఠం.

ఇలా చేస్తే చివరికి ప్రతి గుంపూ ఆయన మరణం దగ్గరికి వస్తుంది. 1945 ఆగస్టు 18న తైపీలో విమాన ప్రమాదం. 1956లో దాన్ని విచారించిన కమిటీకి అధ్యక్షుడు షానవాజ్ ఖాన్, ఎర్రకోటలో విచారణ ఎదుర్కొన్న ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారి. ప్రమాదంలోనే పోయారని ఆయన తేల్చారు. అదే కమిటీలో సభ్యుడైన బోసు సోదరుడు సురేశ్ చంద్ర బోసు ఒప్పుకోలేదు. 1974లో ఖోస్లా కమిషన్ ప్రమాదమే అంది. 2005లో ముఖర్జీ కమిషన్ కాదంది, ప్రభుత్వం ఆ నివేదికను అంగీకరించలేదు. నాలుగు కాగితాలూ ముందు పెట్టుకుని ఒకరు ‘నాకు ఖోస్లా వాదన బలంగా కనిపిస్తోంది, కారణాలివి’ అని రాసినా, ఇంకొకరు ‘సురేశ్ బోసు అనుమానం నాకు తీరలేదు, కారణాలివి’ అని రాసినా, కారణాలు సరిగ్గా ఉంటే ఇద్దరికీ పూర్తి మార్కులు వేయమని ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను.