సంతకం ఎవరిది?

2009లో ఖమ్మం జిల్లా బాలికలకు అమెరికా సంస్థ ‘పాత్’ అధ్యయనంలో భాగంగా హెచ్‌పీవీ టీకాలు వేశారు. 2010లో కేంద్రం దాన్ని ఆపించింది. 2013 నాటి పార్లమెంటరీ కమిటీ నివేదిక ప్రకారం 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. పత్రాలకు కొదవ లేదు, కరువైంది అంగీకారమే.

నిజామాబాద్ బీడీ కార్మికురాలి దగ్గు, బోధన్ చెరకు కూలీ నడుము నొప్పి పరిశోధించాల్సినవే. మన రోగాల లెక్క తేలాల్సిందే. అయితే, వద్దన్నా వైద్యం ఆగదని ఆమెకు ముందే, ఆమె భాషలోనే చెప్పాలి. చెప్పారో లేదో చూడాల్సింది ఎథిక్స్ కమిటీ. అది పరిశోధకులకు అడ్డంకి కాదు, అండ. అందులో సామాన్యులకూ చోటుండాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ కుర్చీలో బీడీలు చుట్టే స్త్రీ ఎందుకు కూర్చోకూడదు? మన విశ్వవిద్యాలయాలను, వైద్య కళాశాలలను అడుగుదాం.