ప్రయాణాల పద్దు: మంచుకొండల సెలవులు

బళ్ళారి ఎండలో కూర్చుని మంచును గురించి వ్రాయడమేమిటని నవ్వకండి. మన సంఘంలో చాలా కుటుంబాల పిల్లలు ఇప్పుడు యూరపులో ఉద్యోగాలు చేస్తున్నారు. "నాన్నగారూ, ఈ చలికాలం అందరం ఆల్ప్సు కొండలకు పోయి స్కీయింగు చేద్దాం" అని పిలుపులు వస్తున్నాయి. స్కీయింగనగా కాళ్ళకు రెండు పొడుగాటి పట్టీలు బిగించుకొని మంచువాలు మీద జారడం. ఆఫీసులో అధికార్ల టూరు ప్రోగ్రాములు తయారుచేయడం నా కొలువు గనుక, దీనికీ ఒక ప్రోగ్రాము వేసి చూశాను.

ఫ్రాన్సులో సవోయ్ జిల్లాలో 'త్రువా వాలే' అని ఒక ప్రాంతం ఉంది. మూడు లోయలని అర్థం. కూర్షెవెల్, మెరిబెల్, వాల్ తొరాన్స్ మొదలైన ఊళ్ళన్నిటినీ లిఫ్టులతో కలిపి, 600 కిలోమీటర్ల జారుడుబాటలు ఏర్పాటు చేశారు. ఒక్క టిక్కెట్టుతో అన్నీ తిరగవచ్చు. ఆ అంకె చూడగానే ఎవరికైనా నోరూరుతుంది. కాని మొదటిసారి వెళ్ళినవారు వారమంతా పడుతూ లేస్తూ గడిపేది ఊరి పక్క చిన్న వాలు మీదనే. మిగతా కిలోమీటర్లకు డబ్బెందుకు కట్టాలి? ఒక్కొక్క లోయకు వేరే టిక్కెట్లున్నాయి. కొత్తవారి వాలు మీద కొన్నిచోట్ల లిఫ్టు ఉచితం కూడాను. బాటలకు రంగులున్నాయి: పచ్చ అన్నిటికంటె సులువు, తరువాత నీలం, ఎరుపు, నలుపు జోలికి మనం పోవద్దు.

కనుక ఊరు ఎన్నుకొనేటప్పుడు ఇంట్లో ఆరితేరినవాణ్ణి కాదు, అందరికంటె కొత్తవారిని చూసి ఎన్నుకోవాలి. నా లెక్కలో నడిమి లోయలోని మెరిబెల్ మేలు. ఆల్టిపోర్టు దగ్గర పచ్చబాటలున్నాయి. వచ్చినవాళ్ళు అటూ ఇటూ రెండు లోయలకూ పోయి రావచ్చు. అయితే సాయంత్రం లిఫ్టులు ఆగకముందే తిరిగి రావాలి. వాల్ తొరాన్స్‌లో చిక్కుకుపోయినవాడు కూర్షెవెల్ చేరాలంటే, కొండ దిగి మూతియే మీదుగా మళ్ళీ ఎక్కాలి. దాదాపు అరవై కిలోమీటర్లు, టాక్సీలో! ఆ బాడుగ వినే కంటె లిఫ్టు వేళలు చీటీ మీద వ్రాసి జేబులో పెట్టుకోవడం మంచిది.

ఇక్కడ పెద్దలతో ఒక మాట. ఖర్చు అబ్బాయి పెట్టుకుంటున్నాడు గదా అని మోకాలి నొప్పి సంగతి దాచకండి. వాల్ తొరాన్స్ 2,300 మీటర్ల ఎత్తు, మన ఊటీ కంటె కొంచెం ఎక్కువే. రక్తపుపోటు, గుండె జబ్బు ఉన్నవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. జారనివారికి నడక టిక్కెట్టని వేరే ఉంది. గాజు పెట్టెలో కూర్చుని పైకెక్కి, ఎండలో కాఫీ త్రాగి దిగవచ్చు. నల్ల కళ్ళద్దాలు మరువకండి, మంచు మీద ఎండ కళ్ళు మిరుమిట్లు గొలుపుతుంది.

ఫిబ్రవరిలోను, మార్చి మొదటి రోజుల్లోను ఫ్రాన్సులో బడులకు వంతులవారీగా సెలవులు. అప్పుడు ధరలు మండిపోతాయి. కొత్త సంవత్సరపు హడావిడి తగ్గాక జనవరిలో వెళ్ళడం నయం. ఇళ్ళు ఎక్కువగా శనివారం నుంచి శనివారం దాకా బాడుగకిస్తారు. విమానం టిక్కెట్టు దానికి సరిపడా కొనాలి. జెనీవాలో గాని లియోన్‌లో గాని దిగి బస్సు పట్టుకోవచ్చు. షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. దానికి 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. కాని వీసాకు చాలే బీమా మంచువాలు మీద కాలు విరిగితే చాలకపోవచ్చు. చాలా పాలసీలలో స్కీయింగును చిన్న అక్షరాల్లో తీసివేసి ఉంటారు. అక్కడ బాట మీద పడినవారిని క్రిందికి దింపినందుకు కూడా బిల్లు వస్తుంది. డబ్బు కట్టకముందు ఆ ముక్క అడిగి, జవాబు వ్రాతపూర్వకంగా తీసుకోండి.

అమ్మలకు రెండు ముక్కలు. యూరపులోకి బయటినుంచి పాల పదార్థాలు తీసుకురానివ్వరు, కనుక నేతి డబ్బా, కోవా ఇంటివద్దనే వదలండి. అంత ఎత్తున నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పప్పు ఉడకడం ఆలస్యం. బాడుగ ఇంట్లో వంటిల్లుంటుంది గాని, చిన్న కుక్కరు పట్టుకెళ్ళండి.