చార్టు మీద లేని కూరలు

చాలా ఏళ్ళు నా సంచీలో ఒక చార్టు ఉండేది. ఆపిల్, ద్రాక్ష, గ్లాసు పాలు, గుడ్డు, పాలకూర కట్ట, అన్నీ రంగురంగుల బొమ్మలు. రక్తహీనత మీద ఎక్కడ సమావేశం పెట్టినా దాన్ని గోడకి తగిలించి 'ఇవన్నీ రోజూ తినాలి' అని చెప్పేదాన్ని. జహీరాబాద్ వైపు ఒక ఊళ్ళో అలాగే చెప్తుంటే వెనక కూర్చున్న పెద్దామె అడిగింది: "గా పండు మా అంగట్ల దొరకది. మా చేన్ల మొలిచేది ఒక్కటన్న గీ కాయిదం మీద ఉన్నదా బిడ్డా?"

లేదు. అందరూ నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వేశాను గానీ, తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ మాట నన్ను వదల్లేదు.

పేద స్త్రీ ఒంట్లో రక్తం లేకపోవడానికి కారణం ఆమెకి ఏం తినాలో తెలియకపోవడమే అనే నమ్మకం మీద ఆ చార్టు తయారైంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంచుమించు అంతే. సగానికి మించిన స్త్రీలకి ఒకే లోపం ఉందంటే దాన్ని వాళ్ళ అజ్ఞానం కింద ఎలా జమకడతాం? నేను మాత్రం ఏళ్ళ తరబడి అలాగే జమకట్టాను.

నిపుణుల మాట వేదమూ కాదు. 1950లు, 60లలో పేద దేశాల పిల్లలకి ప్రొటీన్ కరువైందని అంతర్జాతీయ సంస్థలు గట్టిగా చెప్పాయి. ప్రొటీన్ పొడుల తయారీకి డబ్బు కుమ్మరించారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డా. సి. గోపాలన్, ఆయన సహచరులు వేరే మాట చెప్పారు: రోజూ తినే తిండే పిల్లలకి కడుపునిండా పెడితే ప్రొటీన్ అవసరం కూడా చాలావరకు తీరుతుంది, అసలు కరువు తిండికి అని. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ అనే డాక్టరు 'లాన్సెట్' పత్రికలో ఆ ప్రొటీన్ హడావుడిని ఘోర వైఫల్యమని తేల్చి రాశాడు. ప్రొటీన్ కరువంటే డబ్బాలు అమ్ముకోవచ్చు. తిండి కరువంటే కూలి రేట్ల గురించి, భూమి గురించి మాట్లాడాల్సి వస్తుంది మరి!

పాల సంగతీ అంతే. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, అన్నే పాలల్లో సుమారు 120. ఇది కొత్తగా కనిపెట్టిన లెక్క కాదు, దశాబ్దాలుగా ఆహార పట్టికల్లో ఉన్నదే. రాగుల్లో ఉన్నదంతా ఒంటికి పట్టదన్నదీ నిజమే, మొలకెత్తించి వాడుకుంటే కొంత మేలు. అయినా నా చార్టులో రాగులెందుకు లేవు? అది ముతక తిండి, పేదల తిండి కాబట్టి. 1983లో వచ్చిన రెండు రూపాయల బియ్యం ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగించిందో నాకు తెలుసు, దాన్ని తేలిక చేసి మాట్లాడను. కానీ ఆ తర్వాత జొన్నరొట్టె తినడం నామోషీ అయిపోయింది. తీరా 2023ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేసరికి అవే కొర్రలు పట్నంలో అందమైన ప్యాకెట్లలోకి ఎక్కాయి, వాటిని పండించిన ఆమె కొనుక్కోలేని ధరకి.

అలాగని మన పెద్దవాళ్ళు చెప్పిందంతా బంగారం అనను. నా కాన్పప్పుడు మా అమ్మ ఎంతో ప్రేమగా రోజుల తరబడి నాకు కారప్పొడి అన్నం పెట్టింది. ఆకుకూర వద్దంది, మంచినీళ్ళు కూడా గుటకలు లెక్కపెట్టి ఇచ్చింది. ముర్రుపాలు పిండి పారబోయించింది. ఆ పథ్యాన్ని ప్రశ్నించని నేను డాక్టరమ్మ చార్టునీ ప్రశ్నించలేదు. రెండుచోట్లా నాకు చెప్పినవాళ్ళే గానీ అడిగినవాళ్ళు లేరు.

ఇనుము కలిపిన రేషను బియ్యం విషయంలో కూడా అడిగినవాళ్ళు లేరు. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు, 2024 మార్చి కల్లా దేశమంతటికీ చేర్చారు. తలసీమియా ఉన్నవాళ్ళు ఇనుము కలిపిన ఆహారాన్ని డాక్టరు పర్యవేక్షణలోనే తీసుకోవాలని, సికిల్ సెల్ ఉన్నవాళ్ళు తినకూడదని సంచీ మీద హెచ్చరిక ఉండాలని 2018 నిబంధనలు చెప్పాయి. సికిల్ సెల్ ఎక్కువగా కనిపించే ఆదివాసీ ఊళ్ళలో ఆ సంచీని చదివి చెప్పిందెవరు? చెప్పినా, వేరే బియ్యం ఇవ్వమని అడిగే వీలుండేదా?

ఇప్పుడు నేను చార్టు తీసుకెళ్ళడం లేదు. రాత్రి ఏం వండారు, ఎవరు ముందు తిన్నారు, ఆఖర్న తిన్న మనిషికి కూర మిగిలిందా అని అడుగుతాను. ఈ మూడో ప్రశ్నకి ఎప్పుడూ కాసేపు ఎవరూ మాట్లాడరు. ఇనుము మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటికి పట్టదని చెప్తాను. పైసా ఖర్చు లేని ఈ సలహా నా చార్టులో ఎక్కడా లేదు.

మొన్న ఆ పాత ఊరికే మళ్ళీ వెళ్ళాను. చేలల్లో వాటంతటవే మొలిచే కూరల పేర్లు చెప్పమంటే గునుగు, తుమ్మి, ఎర్రదొగ్గలి, జొన్నచెంచలి అంటూ నేను రాసుకోలేనంత వేగంగా చెప్పారు. "గడ్డిమందు కొట్టినంక గా కూరలేడ ఉంటయక్కా?" అంది ఒక చిన్నమ్మాయి. దానికి నా దగ్గర జవాబు లేదు. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాల పేరు కూడా ఉందని, కిలో రూపాయికని రాశారని మాత్రం చెప్పాను. వాళ్ళ రేషను షాపులో జొన్నలు ఎన్నడూ చూసిన గుర్తు లేదన్నారు. గ్రామసభలో అడుగుదామని సంఘం తీర్మానం రాస్తుంటే, అప్పుడు నన్ను నిలదీసిన పెద్దామే అడ్డుపడింది.

"జర చూసి రాయుండ్రి. జొన్నలడిగినమని బియ్యం బంద్ చేస్తరు. రెండూ కావాలని రాయుండ్రి."

అలాగే రాశాం.