ఎన్నికల బరిలో మాతృత్వం

అమెరికాలో ఎన్నికలు వచ్చినప్పుడల్లా ధరలు, పన్నులు, యుద్ధాలతో పాటు మరొక అంశం తప్పక చర్చకు వస్తుంది. అది గర్భస్రావం. గర్భం తొలగించుకునే హక్కు స్త్రీకి ఉండాలా? ఉంటే ఎన్ని వారాల వరకు? నిర్ణయించవలసింది ఆమెనా, వైద్యుడా, ప్రభుత్వమా? ఈ ప్రశ్నల చుట్టూ అక్కడి రెండు పెద్ద పార్టీలు దశాబ్దాలుగా మోహరించి ఉన్నాయి. డెమోక్రాట్లు హక్కు వైపు నిలబడగా, రిపబ్లికన్లలో అధికులు ఆంక్షల వైపు నిలబడ్డారు.

మొదట్లో ఈ చీలిక ఇంత స్పష్టంగా లేదు. 1973 జనవరి 22న 'రో వర్సెస్ వేడ్' కేసులో అక్కడి సుప్రీంకోర్టు గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించింది. ఆ తీర్పును సమర్థించిన ఏడుగురు న్యాయమూర్తుల్లో ఐదుగురు రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవారే కావడం గమనార్హం. క్రైస్తవ మత సంస్థల ఓట్లను కూడగట్టుకోవాలన్న ఆలోచన బలపడిన తర్వాతనే, ముఖ్యంగా 1980లో రీగన్ ఎన్నికతో, ఇది పార్టీల గుర్తుగా మారింది. చివరకు 2022 జూన్ 24న అదే సుప్రీంకోర్టు ఆ హక్కును రద్దు చేసి, నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలివేసింది.

తర్వాత జరిగింది పార్టీల అంచనాకు అందలేదు. రిపబ్లికన్ల కంచుకోట అయిన కాన్సస్ రాష్ట్రంలో 2022 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, హక్కును తొలగించే ప్రతిపాదనను ఓటర్లు తిరస్కరించారు. 2024 నవంబరులో పది రాష్ట్రాల్లో ఈ ప్రశ్న బ్యాలెట్ మీదికి రాగా, ఏడింటిలో హక్కు వైపు తీర్పు వచ్చింది. వాటిలో అరిజోనా, మిస్సోరి, మోంటానా, నెవాడా రాష్ట్రాలు అదే రోజు ట్రంప్‌ను గెలిపించాయి. ఫ్లోరిడాలో 57 శాతం మంది హక్కును కోరినా, అక్కడ 60 శాతం కావాలన్న నిబంధన ఉన్నందున అది వీగిపోయింది. పార్టీ జెండా ఒకటి, ఇంట్లో ఆడపిల్ల బాగోగులు మరొకటి అని సామాన్య ఓటరు వేరుచేసి చూశాడని దీన్నిబట్టి అర్థమవుతోంది.

అక్కడి ముస్లింలు ఈ రెండు శిబిరాల్లో దేనిలోనూ పూర్తిగా ఇమడరు. పిండంలో ప్రాణం ప్రవేశించే గడువు గురించి, అంతకుముందు ఏయే కారణాలకు అనుమతి ఉంటుందన్న దాని గురించి ఫిఖ్హ్ పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. తల్లి ప్రాణానికి ముప్పు ఏర్పడితే తల్లినే కాపాడాలన్న విషయంలో మాత్రం విశాలమైన ఏకాభిప్రాయం ఉంది. సంపూర్ణ నిషేధం గానీ, హద్దుల్లేని స్వేచ్ఛ గానీ ఈ సంప్రదాయానికి పొసగవు.

మన దేశం సంగతి

మన దేశంలో గర్భస్రావం ఎన్నడూ ఎన్నికల నినాదం కాలేదు. 1971లో పార్లమెంటు చేసిన వైద్యపర గర్భస్రావ చట్టం 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2021 సవరణ కొన్ని వర్గాల స్త్రీలకు గడువును 24 వారాలకు పెంచింది. ఏ పార్టీ కూడా దీని మీద ఓట్లు అడగలేదు. అయితే ఇంతటితో ఊపిరి పీల్చుకోనవసరం లేదు. కడుపు తీయించుకోవడం గురించి కాకపోయినా, ఎంతమందిని కనాలన్న దాని గురించి మన రాజకీయం చాలాసార్లు జోక్యం చేసుకుంది.

ఎమర్జెన్సీ కాలంలో 1976-77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, హర్యానాల్లో నిర్బంధం హద్దు మీరింది. హర్యానాలోని ఉటావర్ అనే ముస్లిం గ్రామాన్ని పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లను ఆపరేషన్లకు తరలించారు. 1977 ఎన్నికల్లో ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఆ నిర్బంధం అంత తీవ్రంగా తాకని ఆంధ్రప్రదేశ్‌లో అదే పార్టీ 42 స్థానాల్లో 41 గెలుచుకుంది.

మూడో బిడ్డకు అనర్హత

మన వంతు వేరే రూపంలో వచ్చింది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఒక చేత్తో స్త్రీలకు మూడింట ఒక వంతు స్థానాలు ఇచ్చి, మరో చేత్తో ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీకి అనర్హులని రాసింది. ఆ ఏడాది మే 30 నాటికి ఎంతమంది ఉన్నా అభ్యంతరం లేదు. ఏడాది గడువు దాటాక మూడో బిడ్డ పుడితే మాత్రం పోటీకి అర్హత ఉండదు. గెలిచాక పుడితే పదవి పోతుంది. ఎమ్మెల్యేలకు, ఎంపీలకు ఇలాంటి షరతు లేదు. చట్టం చేసినవారు తమను మినహాయించుకుని ఊరి సర్పంచికీ, వార్డు మెంబరుకూ నీతి బోధించారు.

పెద్దపంజాణి వంటి మండలంలో దీని అర్థమేమిటో ఊహించడం కష్టం కాదు. పుంగనూరు, మదనపల్లె సంతలకు కూరగాయలు పంపుకునే చిన్న రైతు, పాలు పోసుకునే గృహిణి, ఉర్దూ గల్లీలోని చిరువ్యాపారి రాజకీయంగా ఎదగగలిగింది వార్డు మెంబరు స్థాయి నుంచే. మొదటి మెట్టు మీదనే కాన్పుల లెక్క అడిగారు. ఎందరిని కనాలో నిర్ణయించే అధికారం ఎన్నో ఇళ్లలో భర్తదీ, అత్తగారిదీ. శిక్ష మాత్రం రిజర్వేషను మీద నిలబడిన కోడలికి పడింది.

ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో ఈ నిబంధన ఫలితాలను నిర్మలా బుచ్ నాయకత్వాన అధ్యయనం చేశారు. పదవి కోసం భార్యకు బలవంతంగా గర్భస్రావం చేయించడం, బిడ్డను దత్తతకు ఇచ్చివేయడం, పుట్టిన బిడ్డ తనది కాదనడం, భార్యను విడిచిపెట్టడం వంటి ఉదంతాలు అందులో వెలుగుచూశాయి. అమెరికాలో చట్టం గర్భస్రావాన్ని అడ్డుకుంటుంటే, ఇక్కడ చట్టం దాని వైపు నెట్టిందన్నమాట. ఈ నిబంధన చెల్లుతుందని 2003లో హర్యానాకు చెందిన జావేద్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పోటీచేసే హక్కు ప్రాథమిక హక్కు కాదని కోర్టు అభిప్రాయపడింది. హర్యానా ప్రభుత్వమే కొన్నేళ్లకు దాన్ని ఎత్తివేసింది.

చక్రం తిరిగింది

1989 నుంచి కుప్పం శాసనసభ్యుడిగా ఉంటూ, ఒకప్పుడు చిన్న కుటుంబాన్ని గట్టిగా ప్రచారం చేసిన చంద్రబాబునాయుడు 2024లో తిరిగి ముఖ్యమంత్రి అయ్యాక దారి మార్చారు. ఆ ఏడాది నవంబరులో శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధనను రద్దు చేసింది. అంతకు నెల ముందే, ఇద్దరికి మించి పిల్లలున్నవారికే స్థానిక ఎన్నికల్లో పోటీకి అర్హత కల్పించే ఆలోచన ఉందని ఆయన ప్రకటించారు.

దీనికి కారణాలు లేకపోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1992-93లో 2.6 ఉండగా, 2019-21 నాటికి 1.7కు పడిపోయింది. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. పైగా నియోజకవర్గాల పునర్విభజన జనాభా లెక్క మీద జరిగితే దక్షిణాది సీట్ల వాటా తగ్గుతుందన్న భయం ఉంది. భయం నిజమే కావచ్చు. కానీ ఆ భయానికి మందు ఆడవాళ్ల కడుపులో వెతకడం ఎంతవరకు న్యాయం?

ముస్లిం పాఠకులు ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. సంతానం విషయంలో మన మీద వేసే నింద కొత్తది కాదు. దేశంలో ముస్లిం స్త్రీల సగటు సంతానం 1992-93లో 4.4 ఉండగా, 2019-21 నాటికి 2.4కు తగ్గిందన్నది ఆ నిందకు సమాధానం. పాత నిబంధన పోవడం ముదావహం. ఎక్కువమందిని కన్నవారికే అర్హత అనే కొత్త ఆలోచన మనకు అనుకూలమని సంబరపడటం మాత్రం తగదు. ముగ్గురు పిల్లలున్న తల్లిని నిన్న బయట నిలబెట్టడం అన్యాయమైతే, ఒకే బిడ్డ ఉన్న తల్లినీ, సంతానం లేని స్త్రీనీ రేపు బయట నిలబెట్టడమూ అన్యాయమే.

సర్వేలోని మరో సంగతి కూడా చూడాలి. ఈ రాష్ట్రంలో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషను చేయించుకున్నవారు. మగవారిలో అది ఒక శాతం కూడా లేదు. తగ్గించమన్నప్పుడు కత్తి కింద పడుకున్నది ఆమే. పెంచమన్నప్పుడు ప్రాణం పణంగా పెట్టవలసిందీ ఆమే. పిల్లలు కావాలనుకునే ప్రభుత్వం ముందు రాత్రివేళ కాన్పు చేయగల డాక్టరును దగ్గరి ఆసుపత్రిలో ఉంచాలి, కూలికి వెళ్లే తల్లికి కొన్ని నెలల భృతి ఇవ్వాలి, అంగన్‌వాడీలో పాలు, గుడ్లు సక్రమంగా అందించాలి. వచ్చే పంచాయతీ ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చిన వారిని ఈ మూడింటి గురించి అడగవచ్చు. ఎందరు పిల్లలన్నది మాత్రం ఆ భార్యాభర్తలు తేల్చుకోవలసిన విషయం. అందులోనూ మొదటి మాట తల్లిది కావాలి.